ఒక్క సీపీయూ... నాలుగు కుర్చీలు!

స్కూలు ల్యాబులో కంప్యూటర్ ముందు నలుగురు పిల్లలు. మౌస్ మాత్రం ఒక్కరి చేతిలోనే! మిగతా ముగ్గురూ చూస్తూ కూర్చోవాల్సిందే. ఇంట్లోనూ అంతే... కంప్యూటర్ ఒకటి, వంతు కోసం ఎదురుచూసేవాళ్లు ముగ్గురు. అలాగని నలుగురికీ నాలుగు కంప్యూటర్లు కొనక్కర్లేదు. ఉన్న ఒక్కదానికే నాలుగు మానిటర్లు, నాలుగు కీబోర్డులు తగిలించి, ఎవరి పని వాళ్లు చేసుకోవచ్చు. లినక్స్‌లో ఆ వీలుంది. దాని పేరే మల్టీసీట్!

అక్క ప్రాజెక్టు రిపోర్టు టైపు చేసుకోవాలి. తమ్ముడు ఆన్‌లైన్ పాఠం వినాలి. నాన్న జీఎస్టీ లెక్కలు చూసుకోవాలి. తాతయ్యేమో అమెరికాలోని మనవరాలి ఫొటోలు పెద్ద తెర మీద చూడాలంటారు. అందరిదీ అవసరమే. ఉన్నది మాత్రం ఒక్కటే కంప్యూటర్. 'ఇంకో పది నిమిషాలు' అంటూ మొదలైన బేరం చివరికి అలకతోనో అరుపులతోనో ముగుస్తుంది.

ఇంతమంది కోసం ఆ కంప్యూటర్ నిజంగా అలిసిపోతోందా అంటే... లేదు. అది దాదాపు రోజంతా ఖాళీగానే కూర్చుంటుంది! నమ్మకం కుదరకపోతే చిన్న లెక్క. మామూలుగా టైపు చేసేవాళ్లు సెకనుకి మూడు నాలుగు అక్షరాలే కొడతారు. ఇవాళ్టి మామూలు ప్రాసెసర్ వేగం 3 గిగాహెర్ట్జ్ అనుకుంటే, అందులోని ఒక్కో కోర్ గడియారం సెకనుకి 300 కోట్ల సార్లు కొట్టుకుంటుంది. అంటే మీరు 'అ' కొట్టి 'మ్మ' కొట్టేలోపు దానికి వంద కోట్ల దాకా అవకాశాలు. పైగా అలాంటి కోర్లు ఒక్కో ప్రాసెసర్‌లో నాలుగో, ఆరో, ఎనిమిదో ఉంటాయి. ఒక మనిషి వేళ్ల కోసం అవన్నీ ఎదురుచూస్తూ ఉంటాయన్నమాట.

కాబట్టి మనకున్నది కంప్యూటర్ల కొరత కాదు. కుర్చీల కొరత!

మేడ మీద నీళ్ల ట్యాంకు ఒకటే ఉంటుంది. వంటింట్లో ఒక కుళాయి, స్నానాల గదిలో ఒకటి, పెరట్లో ఒకటి పెట్టుకుంటాం. కుళాయికో ట్యాంకు కట్టించం కదా. మల్టీసీట్ సూత్రమూ అదే. ప్రాసెసర్, మెమరీ, హార్డ్ డిస్కు... ఇవన్నీ ట్యాంకు. మానిటర్, కీబోర్డు, మౌస్... ఇవి కుళాయి. ఈ మూడూ కలిపితే ఒక 'సీటు'.

తాతల నాటి ఆలోచనే

ఇదేదో కొత్త వింత అనుకుంటే పొరపాటు. కంప్యూటర్‌ని పంచుకోవడం ఎప్పటి నుంచో ఉంది. 1960ల్లో ఒక కంప్యూటర్ అంటే ఒక గది నిండా యంత్రాలు, లక్షల డాలర్ల ఖర్చు. దాన్ని ఒక్కరి కోసం ఖాళీగా ఉంచడం ఎవరి వల్లా కాదు. అందుకే అమెరికాలోని ఎంఐటీలో ఫెర్నాండో కోర్బాటో బృందం 1961లో ఒక పద్ధతిని చేసి చూపించింది. ఒకే కంప్యూటర్‌కి చాలా టెర్మినళ్లు తగిలించి, ఒక్కొక్కరికీ రెప్పపాటు సమయం చొప్పున వంతులు వేయడం. వంతు ఎంత త్వరగా తిరిగి వస్తుందంటే, కంప్యూటర్ మొత్తం తనదే అన్నట్టుంటుంది ప్రతి ఒక్కరికీ. దీన్నే టైమ్ షేరింగ్ అన్నారు.

1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలుపెట్టిన యూనిక్స్ కూడా ఆ బాటలోనే నడిచింది. కొద్ది కాలానికే అది ఒకేసారి ఎంతోమంది వాడుకునే వ్యవస్థగా స్థిరపడింది. 1991లో హెల్సింకీ యూనివర్సిటీలో చదువుతున్న 21 ఏళ్ల లైనస్ టోర్వాల్డ్స్ రాయడం మొదలుపెట్టిన లినక్స్, యూనిక్స్‌ని చూసి రాసుకున్నదే. అందుకే 'ఈ ఫైలు ఎవరిది, ఈ ప్రోగ్రాం ఎవరు నడుపుతున్నారు' అని పేరుపేరునా లెక్క రాసుకోవడం లినక్స్‌కి పుట్టుకతో వచ్చిన గుణం. అక్క ఫైలుని తమ్ముడు చెరపలేడు. నాన్న లెక్కలు తాతయ్యకి కనిపించవు.

మధ్యలో వచ్చిన పర్సనల్ కంప్యూటరే ఈ అలవాటుని మార్చేసింది. ధరలు తగ్గాయి. మనిషికో కంప్యూటర్ అనే మాట స్థిరపడింది. కొనగలిగినవాళ్లకి అది బాగానే ఉంది. కొనలేని ఇళ్లకి, బడులకి మాత్రం 'నీ వంతు వచ్చేదాకా ఆగు' అనే మాటే మిగిలింది.

'శ్రీనూ' అంటే ముగ్గురు లేచారు!

లోపల అన్ని హంగులూ ఉన్నప్పుడు ఒక కంప్యూటర్‌కి నాలుగు మానిటర్లు తగిలిస్తే సరిపోదా? సరిపోలేదు. చాలా ఏళ్లు పట్టింది.

మొదటి చిక్కు తెర దగ్గర వచ్చింది. మానిటర్ మీద బొమ్మ వేసేది గ్రాఫిక్స్ కార్డు. లినక్స్‌లో ఒక్కో గ్రాఫిక్స్ కార్డు మీద ఒకేసారి ఒక్క ప్రోగ్రాంకే పెత్తనం ఉంటుంది. ఇద్దరు వేర్వేరుగా పనిచేయాలంటే ఇద్దరికీ వేర్వేరు కార్డులుండటమే తేలిక దారి. సరే, మూడు కార్డులు పెట్టామే అనుకోండి. అవన్నీ పాత వీజీఏ కాలం నాటి ఒకే చిరునామాకి పలికేవి. తరగతిలో ముగ్గురు శ్రీనులున్నప్పుడు మాస్టారు 'శ్రీనూ' అని పిలిస్తే ముగ్గురూ లేచి నిలబడినట్టు! కంప్యూటర్ ఒక కార్డుకి చెప్పిన మాట ఇంకోటి అందుకునేది. తెరలు నల్లబడేవి. కొన్నిసార్లు యంత్రం మొత్తం బిగుసుకుపోయేది.

రెండో చిక్కు కీబోర్డుది. ఎన్ని కీబోర్డులు తగిలించినా, అన్నిటినీ కలిపి ఒకే కీబోర్డుగా చూసేది పాత లినక్స్. అక్క కొట్టిన అక్షరాలు, తమ్ముడు కొట్టిన అక్షరాలు కలగలిసి ఒకే తెర మీద పడేవి.

2000ల మొదట్లో కొందరు ఔత్సాహికులు లినక్స్ కెర్నల్‌కి సొంతంగా అతుకులు వేసి ఈ సమస్యల్ని దాటారు. అది నిపుణులకి తప్ప సాధ్యమయ్యే పని కాదు. తర్వాత ఒక్కో కీబోర్డునీ, ఒక్కో మౌస్‌నీ విడివిడిగా గుర్తించే పద్ధతి వచ్చింది. 2009 డిసెంబరులో విడుదలైన 2.6.32 కెర్నల్‌లో 'వీజీఏ ఆర్బిటర్' చేరింది. ముగ్గురు శ్రీనుల మధ్య తగువు తీర్చే పెద్దమనిషి లాంటిదది. 'ఇప్పుడు పిలిచింది నిన్ను, మిగతా ఇద్దరూ కూర్చోండి' అని చెప్పడమే దాని పని. ఆ తర్వాత ఒకే సీపీయూలో చాలా గ్రాఫిక్స్ కార్డులు కాపురం చేయడం చాలావరకు సుఖపడింది.

బ్రెజిల్ బడుల్లో...

నిపుణులు ఇంట్లో కూర్చుని కుస్తీ పడుతున్న రోజుల్లోనే, దీన్ని బడికి తీసుకెళ్లిన దేశం ఒకటుంది... బ్రెజిల్. అక్కడ దక్షిణాన పరానా అనే రాష్ట్రం ఉంది. రాజధాని కురిచీబా. 2000ల్లో ఆ రాష్ట్రం తన ప్రభుత్వ పాఠశాలల్లో కంప్యూటర్ ల్యాబులు పెట్టాలనుకుంది. పథకం పేరు 'పరానా డిజిటల్'. డబ్బు తక్కువ, బడులు ఎక్కువ. అక్కడి ఫెడరల్ యూనివర్సిటీలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద పనిచేసే సీ3ఎస్ఎల్ అనే పరిశోధన కేంద్రం దారి చూపించింది. ఒక్కో సీపీయూకి నాలుగు మానిటర్లు, నాలుగు కీబోర్డులు, నాలుగు మౌస్‌లు. లోపల డెబియన్ లినక్స్. 'నాలుగు తలల' యంత్రాలని వాటికి పేరు. దాదాపు రెండు వేల బడులకి ఈ ల్యాబులు వెళ్లాయి.

దాంతో దేశం మొత్తం అటు చూసింది. 2009లో బ్రెజిల్ విద్యాశాఖ దేశవ్యాప్తంగా పాఠశాలలకి ఇలాంటి సీట్లు సమకూర్చే పని పెట్టుకుంది. కెనడాకి చెందిన యూజర్‌ఫుల్ అనే సంస్థ, మరో భాగస్వామితో కలిసి 3,56,800 సీట్లు అందించడానికి ఎంపికయ్యామని ఆ ఏడాది ప్రకటించింది. అన్నీ లినక్స్ మీద నడిచేవే. సాఫ్ట్‌వేర్ ఇళ్లలో కాదు, ప్రభుత్వ బడుల్లో... ఒక్కో యంత్రాన్ని పంచుకుంటూ అన్ని లక్షల మంది కూర్చోవచ్చన్న నమ్మకాన్నిచ్చింది ఈ ప్రయత్నమే.

మన బడుల్లోనూ పంచుకున్నారు

అంత దూరం వెళ్లకపోయినా ఫర్వాలేదు. కంప్యూటర్‌ని పంచుకోవడం మన బడులకీ తెలిసిన సంగతే. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 5,000 ప్రభుత్వ పాఠశాలలకి ఎన్‌కంప్యూటింగ్ అనే అమెరికన్ సంస్థ పరికరాలతో 50,000 సీట్లు ఏర్పాటు చేసే పథకం మొదలైంది. లబ్ధి పొందే పిల్లలు 18 లక్షల మంది అని ఆ సంస్థ చెప్పింది. అక్కడ వాడింది గ్రాఫిక్స్ కార్డుల పద్ధతి కాదు. ఒక్కో మానిటర్ వెనక అరచేతిలో పట్టేంత పెట్టె ఉంటుంది. తీగ గుండా వచ్చిన బొమ్మని అది తెర మీద వేస్తుంది. దారి వేరైనా సూత్రం ఒకటే... ఒక సీపీయూ, చాలా సీట్లు.

ఆ లెక్కని ఒకసారి భాగించి చూడండి. బడికి సగటున పది సీట్లు. సీటుకి 36 మంది పిల్లలు! పంచుకుంటేనే ఇంతమంది. పంచుకోకుండా, సీపీయూకి ఒక్కరే కూర్చుని ఉంటే కీబోర్డు మీద చేయి పెట్టే అవకాశం ఎంతమందికి దక్కేది? కంప్యూటర్ చూసి నేర్చుకునేది కాదు, చేసి నేర్చుకునేది. పక్కవాడు సైకిల్ తొక్కుతుంటే చూసి సైకిల్ నేర్చుకున్నవాళ్లెవరూ లేరు కదా. మల్టీసీట్ అసలు విలువ అక్కడుంది. పొదుపు తర్వాతి మాట.

మైక్రోసాఫ్ట్ కూడా ఈ అవసరాన్ని గుర్తించింది. 2010లో 'విండోస్ మల్టీపాయింట్ సర్వర్' పేరుతో బడుల కోసం ఇలాంటిదే తెచ్చింది. కొన్నేళ్ల తర్వాత దాన్ని పక్కన పెట్టేసింది. లినక్స్‌లో మాత్రం ఈ సదుపాయం విడిగా కొనాల్సిన సరుకు కాదు. వ్యవస్థలోనే కలిసిపోయి ఉంది.

అతుకుల కాలం పోయింది

ఆ కలిసిపోవడం 2012 ప్రాంతంలో జరిగింది. లినక్స్‌ని మేల్కొలిపి పనులన్నీ అప్పగించే 'సిస్టమ్‌డీ' అనే వ్యవస్థ అప్పటికి కొత్త. అందులో లాగిన్‌ల సంగతి చూసే భాగానికి 'సీటు' అంటే ఏమిటో నేర్పారు. ఏ మానిటర్, ఏ కీబోర్డు, ఏ హెడ్‌ఫోన్ ఏ సీటుదో అదే గుర్తుపెట్టుకుంటుంది. ఆ ఏడాది మేలో విడుదలైన ఫెడోరా 17లో ఒక ముచ్చట చూపించారు. కొన్ని రకాల యూఎస్‌బీ డాకింగ్ పరికరాలకి మానిటర్, కీబోర్డు తగిలించి కంప్యూటర్‌కి గుచ్చితే చాలు. ఆ మానిటర్ మీద కొత్తగా లాగిన్ తెర ప్రత్యక్షమవుతుంది. ఏ సెట్టింగూ మార్చక్కర్లేదు.

ఇప్పుడు ఉబుంటు, డెబియన్, ఫెడోరా లాంటి పేరున్న లినక్స్‌లు చాలావాటిలో సిస్టమ్‌డీ ఉంది. కాబట్టి సీట్లు విడదీసే పనిముట్టు కూడా వాటితోపాటే వస్తుంది.

ఇంట్లో చేసుకోవాలంటే...

రెండు సీట్లతో మొదలుపెట్టండి. అది కుదిరితే మూడో సీటు సంగతి చూడొచ్చు. సీపీయూ మూత విప్పడం అలవాటు లేకపోతే కంప్యూటర్ రిపేర్లు తెలిసినవాళ్లని పక్కన కూర్చోబెట్టుకోండి.

కార్డులు: చాలా కంప్యూటర్లలో ప్రాసెసర్‌తోపాటే ఒక గ్రాఫిక్స్ వస్తుంది. దానికి తోడు మామూలు గ్రాఫిక్స్ కార్డు ఒకటి మదర్‌బోర్డు స్లాట్‌లో పెడితే రెండు సీట్లకి సరిపడినట్టే. ఆటలాడే ఖరీదైన కార్డు అక్కర్లేదు. లినక్స్‌లో డ్రైవర్ ముందే ఉండే ఇంటెల్, ఏఎండీ గ్రాఫిక్స్ అయితే గొడవ తక్కువ. కార్డు పెట్టగానే లోపలి గ్రాఫిక్స్‌ని ఆపేసే అలవాటు కొన్ని మదర్‌బోర్డులకి ఉంటుంది. అలా జరిగితే బయోస్‌లోకి వెళ్లి, మల్టీ మానిటర్ పేరుతో ఉండే సెట్టింగ్‌ని ఆన్ చేయాలి.

హబ్‌లు: రెండో సీటుకి ఒక యూఎస్‌బీ హబ్ కొనండి. విడిగా కరెంటు తీసుకునే రకమైతే మేలు. ఆ సీటు కీబోర్డు, మౌస్, హెడ్‌ఫోన్ అన్నీ ఆ హబ్‌కే తగిలించాలి. పెన్‌డ్రైవ్ కూడా అందులోనే పెట్టాలి. ఎందుకో కింద తెలుస్తుంది.

మెమరీ: ఇద్దరికి 8 జీబీ, నలుగురికి 16 జీబీ ర్యామ్ ఉంటే హాయి. ఇవాళ ర్యామ్‌ని ఎక్కువగా మింగేది ఇంటర్నెట్ బ్రౌజరే. ఒక్కొక్కరూ ఇరవై ట్యాబ్‌లు తెరిచి కూర్చుంటే ఏ యంత్రమైనా నీరసిస్తుంది.

పరీక్ష: హార్డ్ డిస్కు జోలికి వెళ్లకుండా, పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లైవ్ లినక్స్‌తో ముందు చూడండి. రెండు మానిటర్లూ వెలిగితే సగం పని అయినట్టే. ఇన్‌స్టాల్ చేసేముందు పాత ఫైళ్లన్నీ వేరేచోట దాచుకోవడం తప్పనిసరి. తర్వాత ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో యూజర్ అకౌంటు తెరవండి.

సీటు విడదీయడం: ఇక్కడ మాత్రం టెర్మినల్‌లో మూడు ఆదేశాలు ఇవ్వాలి. పనిముట్టు పేరు 'లాగిన్‌సీటీఎల్'. ఇంగ్లిష్‌లో లాగిన్ అనే మాట పక్కనే ఖాళీ లేకుండా సీ, టీ, ఎల్ అక్షరాలు కొట్టాలి. దాని పక్కన 'లిస్ట్-సీట్స్' అని ఇస్తే ఉన్న సీట్లు చూపిస్తుంది. మొదట్లో 'సీట్0' ఒక్కటే కనిపిస్తుంది. తర్వాత 'సీట్-స్టేటస్ సీట్0' అని ఇస్తే ఆ సీటు కింద ఉన్న సామానంతా వరసగా వస్తుంది. రెండో గ్రాఫిక్స్ కార్డు ఏది, మీరు కొన్న హబ్ ఏది అన్నది అందులో గుర్తుపట్టాలి. ఇక మూడోది 'అటాచ్'. దాని పక్కన 'సీట్1' అని రాసి, ఆ కార్డు చిరునామా ఇస్తే కార్డు కొత్త సీటుకి వెళ్తుంది. హబ్ చిరునామా కూడా అలాగే ఇవ్వాలి. హబ్ వెళ్లిందంటే దానికి తగిలించినవన్నీ దాని వెంటే వెళ్తాయి. రెండో మానిటర్ మీద లాగిన్ తెర వస్తుంది.

ఈ పంపకం ఒక్కసారి చేస్తే చాలు. కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేసినా గుర్తుంటుంది. కాకపోతే అది గుర్తుపెట్టుకునేది పరికరం ఏ స్లాట్‌లో, ఏ పోర్టులో ఉందన్న సంగతి. ఇల్లు ఊడ్చేటప్పుడు హబ్ తీగ తీసి వేరే పోర్టులో పెడితే కీబోర్డు మళ్లీ మొదటి సీటుకి వెళ్లిపోతుంది. అందుకే పోర్టుల పక్కన చిన్న కాగితం అంటించి 1, 2 అని రాసుకోవడం మంచిది. ఏదైనా తేడా వస్తే కంగారు పడక్కర్లేదు. 'ఫ్లష్-డివైసెస్' అనే ఆదేశంతో పంపకాలన్నీ రద్దయి అంతా మొదటికొస్తుంది.

ఎవరి లోకం వారిదే

సీట్లు విడిపోయాక ఎలా ఉంటుంది? అక్క సీటులో ఇంగ్లిష్ మెనూలు, తాతయ్య సీటులో తెలుగు మెనూలు పెట్టుకోవచ్చు. లినక్స్‌లో భాష యూజర్‌ని బట్టి ఉంటుంది మరి. తమ్ముడి పాఠం అతడి హెడ్‌ఫోన్‌లోనే వినిపిస్తుంది. నాన్న తన హబ్‌లో పెట్టిన పెన్‌డ్రైవ్ నాన్న సీటులోనే తెరుచుకుంటుంది. అదే సీపీయూ ముందుభాగంలో గుచ్చితే అది మొదటి సీటువాళ్లదైపోతుంది. హబ్‌లోనే పెట్టమన్నది అందుకే.

తమ్ముడు పాఠం అయిపోయి షట్‌డౌన్ నొక్కితే అక్క రిపోర్టు గతి ఏమిటి అనుకుంటున్నారా? దానికీ కాపలా ఉంది. వేరేవాళ్లు లాగిన్ అయి ఉన్నప్పుడు ఎవరైనా షట్‌డౌన్ చేయబోతే మామూలుగా అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆ పాస్‌వర్డ్ అమ్మ దగ్గర ఉంటే సరి! ప్లగ్ దగ్గర స్విచ్ ఆపేస్తే మాత్రం ఎవరూ కాపాడలేరు.

కరెంటు లెక్క

ఒక మామూలు సీపీయూ తేలికపాటి పనులకి 60 వాట్లు తీసుకుంటుందనుకుందాం. నాలుగు సీపీయూలైతే 240 వాట్లు. అదే ఒక సీపీయూలో మూడు చిన్న గ్రాఫిక్స్ కార్డులు అదనంగా పెట్టి, ఒక్కోదానికి 15 వాట్లు వేసుకుంటే మొత్తం 105 వాట్లు. తేడా 135 వాట్లు. బడి ల్యాబు రోజుకి ఆరు గంటల చొప్పున ఏడాదిలో 200 రోజులు నడిచిందంటే 162 యూనిట్లు మిగులుతాయి. మానిటర్ల ఖర్చు రెండింటికీ సమానమే కాబట్టి వదిలేశాం. ఇరవై సీట్ల ల్యాబైతే ఇలాంటి యంత్రాలు ఐదు. మిగిలేది 810 యూనిట్లు. కరెంటు పోయినప్పుడు ఇరవై యూపీఎస్‌ల బదులు ఐదు సీపీయూలకీ మానిటర్లకీ సరిపడా చూసుకుంటే చాలన్నది ఇంకో లాభం.

పాత సామాను సంగతి కూడా ఉంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆగిపోయింది. విండోస్ 11కి పనికిరాని సీపీయూలు ఎన్నో ఇళ్లలో మూలన పడ్డాయి. సీపీయూ పాతబడినంత మాత్రాన మానిటర్, కీబోర్డు, మౌస్ పాడవవు కదా. వాటిని తూకానికి అమ్మేస్తే వచ్చేది ఎంత? ఉన్న కంప్యూటర్‌కి తగిలిస్తే ఇంకో సీటు వస్తుంది.

చిక్కులూ ఉన్నాయి

అన్నీ లాభాలే అని చెప్పేస్తే మోసం చేసినట్టవుతుంది. ట్యాంకు ఒకటే అయినప్పుడు అది కారితే అన్ని కుళాయిలూ ఆగుతాయి. పవర్ సప్లై పోతే ఒక్కరి పని కాదు, నలుగురి పనీ నిలిచిపోతుంది. బడిలో అయితే ఒక సీపీయూ పాడైతే నలుగురు పిల్లలు లేవాలి. కాబట్టి హార్డ్ డిస్కు బదులు ఎస్ఎస్‌డీ, నాణ్యమైన పవర్ సప్లై... ఈ రెండింటి దగ్గర పిసినారితనం పనికిరాదు.

దూరం ఇంకో హద్దు. యూఎస్‌బీ 2.0 తీగ 5 మీటర్లు దాటకూడదు. అంటే నలుగురూ ఒకే గదిలో కూర్చోవాలి. అక్క తన గదిలో తలుపేసుకుని చదువుకుంటానంటే ఈ పద్ధతి కుదరదు. పెద్ద పెద్ద ఆటలు, వీడియో ఎడిటింగ్ లాంటి బరువు పనులకీ ఇది తగదు. ఒకరు బరువెత్తితే మిగతా ముగ్గురూ ఆయాసపడతారు.

స్లాట్లూ చూసుకోవాలి. ఇప్పటి చిన్న మదర్‌బోర్డుల్లో గ్రాఫిక్స్ కార్డు పట్టే స్లాట్లు ఒకటో రెండో ఉంటున్నాయి. నాలుగు సీట్లు కావాలంటే మదర్‌బోర్డు కొనేముందే లెక్క వేసుకోవాలి. అలాగే, కొత్తగా అన్నీ కొనుక్కోవాల్సి వస్తే లాభం తగ్గిపోతుంది. రాస్‌ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటర్లు, వాడి తీసేసిన ఆఫీసు కంప్యూటర్లు తక్కువ ధరకే దొరికితే విడివిడిగా కొనడమే మేలు కావచ్చు. మంచి డెస్క్‌టాప్ ఒకటి ముందే ఉండి, పాత మానిటర్లు చేతిలో ఉన్నవాళ్లకే మల్టీసీట్ బాగా కలిసొస్తుంది. ఊరి లైబ్రరీ, ట్యూషన్ సెంటర్, అపార్ట్‌మెంట్ పిల్లల గది, చిన్న బడి... ఇలాంటి చోట్ల.

ఒక్కరికే నాలుగు తెరలు కావాలా?

నలుగురికి నాలుగు తెరలు కాదు, నాకొక్కడికే నాలుగు కావాలనేవాళ్లూ ఉంటారు. షేర్ల వ్యాపారం చేసేవాళ్లు, డీటీపీ చేసేవాళ్లు, ప్రోగ్రామర్లు. వాళ్ల కథ వేరు. 2000లో వచ్చిన ఎక్స్‌ఫ్రీ86 4.0లో 'జినరామా' చేరాక లినక్స్‌లో పక్కపక్కనే ఉన్న మానిటర్లని ఒకే పొడవాటి తెరగా వాడుకోవడం కుదిరింది. అప్పట్లో ప్రతి కార్డు ఏ స్లాట్‌లో ఉందో, ఏ మానిటర్ ఎటు పక్కన ఉందో ఒక ఫైలులో చేత్తో రాయాలి. ఒక్క అక్షరం తప్పినా తెర రాదు.

2007లో 'ర్యాండ్ఆర్ 1.2' వచ్చాక కంప్యూటర్ నడుస్తుండగానే మానిటర్ తగిలించి, మౌస్‌తో అటూ ఇటూ జరిపే వీలు దొరికింది. ఇప్పుడు ఒక్కో గ్రాఫిక్స్ కార్డుకే మూడు నాలుగు మానిటర్లు తగిలించుకోవచ్చు కాబట్టి రెండో కార్డు అవసరమే తక్కువ. ఒకవేళ పెట్టినా, గ్నోమ్, కేడీఈ లాంటి డెస్క్‌టాప్‌లు 'వేలాండ్' పద్ధతిలో వాటిని కలిపి ఒకే డెస్క్‌టాప్‌గా చూపించగలవు. సాధారణంగా ఒక కార్డు బొమ్మ గీసి, రెండోదానికి నకలు అందిస్తుంది. సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే అనే చోటికి వెళ్లి మానిటర్ల బొమ్మల్ని సర్దుకుంటే చాలు.

చూశారుగా... అవే కార్డులు, అవే మానిటర్లు. ఒక్కరే వాడుకుంటే పెద్ద తెర. పంచుకుంటే నాలుగు సీట్లు.

ఈ సెలవుల్లో అటక మీది మానిటర్ ఒకసారి దింపి దుమ్ము దులపండి. అది వెలిగితే, మీ ఇంట్లో 'ఇంకో పది నిమిషాలు' బేరానికి కాలం చెల్లినట్టే. ఇంట్లో అవసరం లేకపోతే, మీ ఊరి బడిలో సీపీయూ ముందు మౌస్ కోసం ఎదురుచూస్తున్న ముగ్గురు పిల్లలకి తప్పకుండా ఉంటుంది!